గామా కిరణములు, న్యూట్రానులు: వానిని పసికట్టు పరికరముల చరిత్ర

గ్రామమున తగవు వచ్చినప్పుడు ఒక్క సాక్షి మాట మీదనే తీర్పు చెప్పు పెద్దమనిషి అరుదు. ఆ సాక్షి అబద్ధమాడువాడు కాకపోవచ్చును. చూచినది చూచినట్లే చెప్పుచుండవచ్చును. అయినను అతడు నిలిచిన చోటినుండి కానరానిది మఱియొకటి జరిగియుండవచ్చును గదా! ఈ నీతి మనకు రచ్చబండ నేర్పినది. పరమాణువుల గుట్టు విప్పిన పండితులకు ఇది తెలియుటకు చాల ఏండ్లు పట్టినది. గామా కిరణములు, న్యూట్రానులు అను రెండు కానరాని వస్తువులను పసికట్టు పరికరముల చరిత్రలో ఈ నీతియే మొదటినుండి చివరివఱకు కనబడును. నేడు నేను మీకు విన్నవింపదలచినది ఆ చరిత్రయే.

1896వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములో హెన్రీ బెకెరెల్ అను పండితుడు యురేనియము కలిసిన లవణమును, నల్లకాగితములో చుట్టిన ఛాయాచిత్ర ఫలకముపై నుంచెను. వెలుతురు సోకకయే ఆ ఫలకము నల్లబడెను. ఆ లవణమునుండి ఏవియో కిరణములు తమంతట తాము వెలువడుచున్నవని అప్పుడు తెలిసినది. కొలదికాలములోనే వానిలో రెండు జాతులున్నట్లు రూథర్‌ఫర్డు కనిపెట్టి, ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టెను. ఆల్ఫా కిరణములను ఒక కాగితము ఆపును. బీటా కిరణములను పలుచని లోహపు రేకు ఆపును. 1900లో పారిసులో పాల్ విలార్ అనునతడు ఈ రెండింటికంటె మిక్కిలి చొచ్చుకొనిపోవు మూడవ జాతిని చూచెను. 1903లో రూథర్‌ఫర్డు దానికి గామా అని పేరిడెను. గామా కిరణము వెలుగునకు దాయాది. దానికి బరువు లేదు, విద్యుదావేశము లేదు. దానిని అడ్డగింపవలెనన్న సీసమువంటి బరువైన లోహము మందముగా కావలెను.

కానరాని దానిని పసికట్టుట యెట్లు? గాలి మనకు కనబడదు. ఆకు కదలుటచేత గాలి వీచుచున్నదని తెలిసికొందుము. గామా కిరణమును కూడ ఏ పరికరమును సూటిగా చూడజాలదు. అది త్రోవలోని పరమాణువునుండి ఎలక్ట్రాను అను సూక్ష్మకణమును తన్ని వెడలగొట్టును. పరికరము పట్టునది ఆ ఎలక్ట్రానును. తొలినాళ్లలో దీనికి మనుష్యుల కన్నులే ఆధారము. మాంచెస్టరులో రూథర్‌ఫర్డు శిష్యులైన గైగర్, మార్స్‌డెన్ అనువారు చీకటి గదిలో కూర్చుండి, కన్నులు చీకటికి అలవడిన పిదప, జింకు సల్ఫైడు పూసిన తెరపై ఆల్ఫా కణములు తాకినప్పుడు పుట్టు మినుకులను సూక్ష్మదర్శినితో ఒక్కటొక్కటిగా లెక్కించెడివారు. కొంతసేపటికే కన్ను అలసిపోయెడిది.

కన్నునకు బదులు యంత్రము కావలసివచ్చెను. 1908లో గైగర్, రూథర్‌ఫర్డులు విద్యుత్తుతో లెక్కించు సాధనమును చేసిరి. 1928లో జర్మనీలోని కీల్ నగరమున గైగరును, అతని శిష్యుడు ముల్లరును దానిని బాగుచేసి, నేడు గైగరు కౌంటరు అని లోకము పిలుచు గొట్టమును నిర్మించిరి. పలుచని వాయువుతో నింపిన గొట్టము నడుమ సన్నని తీగ యుండును. దానికి హెచ్చు వోల్టుల విద్యుత్తు నిత్తురు. ఒక్క ఎలక్ట్రాను లోపల పడినను, అది వేఱు ఎలక్ట్రానులను, అవి మఱికొన్నింటిని లేపి ఏరు పొంగినట్లు పొంగును. అప్పుడు టిక్కుమని చప్పుడగును. చాల ఉపకారము చేసిన పరికరమే ఇది. కాని దానికొక లోపము కలదు. ఎవరు వచ్చి తట్టినను దాని చప్పుడొక్కటే. తలుపు చప్పుడైనదని చెప్పును గాని, తట్టినవాడెవడో చెప్పలేని కావలివాడు వంటిది.

ఈ లోపము ఎంత పెద్దదో రెండేండ్లలోనే బయటపడెను. 1930లో జర్మనీ దేశస్థులైన బోథే, బెకర్ అనువారు బెరిలియమను తేలికలోహముపై ఆల్ఫా కణములను ప్రయోగించిరి. ఆ లోహమునుండి బహుగా చొచ్చుకొనిపోవు కిరణములు వెలువడెను. అవి గామా కిరణములని వారు తలంచిరి. ఆ కాలమున అంతగా చొచ్చుకొనిపోవునది గామా తప్ప వేఱొకటి యెవరికిని తెలియదు. 1932 జనవరిలో పారిసులో ఐరీన్ క్యూరీ, ఫ్రెడెరిక్ జోలియో దంపతులు ఆ కిరణములకు ఎదురుగా పారఫిన్ మైనపు బిళ్లనుంచిరి. మైనమునుండి హైడ్రోజను కేంద్రకములు, అనగా ప్రోటానులు, మహావేగముతో ఎగిరి వచ్చెను. ఈ వింత చూచియు ఆ దంపతులు ఇది గామా కిరణముల పనియే యనిరి.

కేంబ్రిడ్జిలో రూథర్‌ఫర్డు వద్ద పనిచేయుచుండిన జేమ్స్ చాడ్విక్ ఈ మాట చదివి నమ్మజాలకపోయెను. బరువులేని గామా కిరణము ప్రోటాను నంతగా విసరవలెనన్న దానికి దాదాపు 50 మిలియను ఎలక్ట్రాను వోల్టుల శక్తి యుండవలెను. బెరిలియమునుండి రాదగిన శక్తి, ఎంత హెచ్చుగా లెక్కగట్టినను, సుమారు 14 మిలియనులను మించదు. పదునాలుగు రూకల మూట విప్పి ఏబది రూకల అప్పు తీర్చుట యెట్లు? చాడ్విక్ ఆ కిరణములను హైడ్రోజనుపై, హీలియముపై, నైట్రోజనుపై, ఇంకను వేఱు పదార్థములపై ప్రయోగించి, ఏది యెంత దూరము ఎగురునో కొలిచెను. పిల్లల గోలీలాటలో గోలీ తన యంతటి గోలీని సూటిగా కొట్టినప్పుడు తాను నిలిచి రెండవదానిని పరుగెత్తించును. పెద్దరాతిని కొట్టినచో రాయి కదలీ కదలనట్లుండును. చాడ్విక్ కొలతలన్నియు ఈ తీరుననే కుదిరెను. వచ్చునది కిరణము కాదు, ప్రోటానుతో సమానమైన బరువుగలిగి విద్యుదావేశము లేని కణమని అతడు 1932 ఫిబ్రవరి 17వ తేదీ లేఖలో ప్రకటించెను. అట్టి కణముండవచ్చునని రూథర్‌ఫర్డు 1920లోనే ఊహించియుండెను. అదియే న్యూట్రాను. 1935లో చాడ్విక్‌కు నోబెలు బహుమానము లభించినది.

ఇక్కడ గమనింపదగిన సంగతి యొకటి కలదు. బోథే పూర్తిగా పొరబడలేదు. ఆల్ఫా కణములు తాకిన బెరిలియమునుండి గామా కిరణములును వచ్చును, న్యూట్రానులును వచ్చును. అతని సాక్ష్యము నిజమే, కాని అది సగము నిజము. గామాలు, న్యూట్రానులు తఱచుగా కలిసియే తిరుగును. అణుకొలిమిలో ఇవి రెండును కలవు, అణుబాంబులో రెండును కలవు. కావున ఒక్కదానిని కొలిచి, ఉన్నదంతయు ఇదియే యనుకొన్నవానికి మోసము తప్పదు.

న్యూట్రానును పట్టుట గామాను పట్టుటకంటె కష్టము. దానికి విద్యుదావేశము లేదు గనుక ఎలక్ట్రానులను తన్నదు. కేంద్రకమునకు తగిలిననే దాని జాడ దొరకును. 1934లో రోము నగరమున ఎన్రికో ఫెర్మీ, అతని సహచరులు ఒక మేలైన ఉపాయమును కనుగొనిరి. న్యూట్రానులను మైనముగుండ గాని నీటిగుండ గాని పోనిచ్చినచో అందలి హైడ్రోజనును తాకి తాకి వేగము తగ్గును. అట్లు మందగించిన న్యూట్రానులను కొన్ని ధాతువులు ఆత్రముగా మ్రింగును. బోరానులో ఒక రకము, లిథియములో ఆరవ సంఖ్యగల రకము, హీలియములో మూడవ సంఖ్యగల రకము ఇట్టివి. మ్రింగిన వెంటనే అవి ఆవేశముగల కణములను వెడలగ్రక్కును. ఆ కణములను పరికరము తేలికగా పట్టగలదు. ఇట్లు గామాకొక పరికరము, న్యూట్రానునకొక పరికరము ఏర్పడెను.

ఈ రెండింటిని వేఱుపఱచుట పండితుల వేడుకకు మాత్రమే కాదు. దేహములో చేరు శక్తి సమానమే యైనను, న్యూట్రాను చేయు కీడు దాని వేగమునుబట్టి గామా కీడునకు 20 రెట్ల వఱకు ఉండవచ్చునని నేటి నియమముల లెక్క. ఎంత తగిలినది అను ప్రశ్నతోపాటు ఏది తగిలినది అను ప్రశ్నకును సమాధానము కావలెను. ఈ రెండవ ప్రశ్న జపానులోని హిరోషిమా నగర విషయమున పండితులను దశాబ్దముల తరబడి వేధించినది.

1945 ఆగస్టు 6వ తేదీన ఆ నగరముపై సుమారు 600 మీటర్ల ఎత్తున బాంబు పేలెను. ఎవరికెంత గామా తగిలినదో, ఎంత న్యూట్రాను తగిలినదో కొలుచుటకు ఆనాడు ఆ వీధులలో పరికరములు లేవు. బ్రతికి బయటపడినవారి ఆరోగ్యమును చూచియే లోకమంతట కిరణముల కీడునకు లెక్క కట్టవలసియుండెను. 1965లో చేసిన గణనము హిరోషిమాలో న్యూట్రానుల పాలు హెచ్చని చెప్పెను. నాగసాకికంటె అక్కడ రక్తపు క్యాన్సరు హెచ్చుగా నుండుటకు న్యూట్రానులే కారణమని చాలమంది నమ్మిరి. 1986లో మఱల గణనము చేయగా, ఆ పాలు వెనుక అనుకొన్నదానిలో దాదాపు పదవవంతేనని తేలెను. బాంబు చుట్టునున్న మందపు ఇనుప కవచము, ఆనాటి గాలిలోని తేమ న్యూట్రానులను ఎంత అడ్డగించెనో మునుపటి లెక్కలో సరిగా రాలేదు. నేరము న్యూట్రానులది కానప్పుడు గామాలదే కావలెను గదా! ఏ గామాలను కొంత తేలికగా చూచుచుండిరో, వాని కీడును పెంచి లెక్కింపవలసివచ్చెను. 1990లో అంతర్జాతీయ సంఘము, ఇతర కారణములతోపాటు దీనినికూడ ఎంచి, కిరణములయొద్ద పనిచేయువారి హద్దును ఏటికి 50 మిల్లీసీవర్టులనుండి, అయిదేండ్ల సగటున ఏటికి 20కి తగ్గించినది.

పరికరములు లేనిచోట ఈ గణనములను సరిచూచుటకు సాక్ష్యము చెప్పినవేవి? ఇండ్ల పెంకులు, ఇటుకలు, ఇనుము. ఆవములో కాలిన మట్టియందలి క్వార్ట్జు రేణువులు గామా శక్తిని లోపల దాచుకొనును. మఱల వేడిచేసినప్పుడు దానిని మందమైన వెలుగుగా విడుచును. ఆ వెలుగును కొలిచి పెంకుపై పడిన గామా మోతాదును తెలిసికొనిరి. న్యూట్రానులకు సాక్షి వేఱు. కట్టడముల ఇనుములో కొద్దిగా నుండు కోబాల్టు న్యూట్రానును మ్రింగి రేడియోధార్మికమైన కోబాల్టుగా మారును. విద్యుత్ స్తంభముల పింగాణీ కుప్పెలను అతికిన గంధకము వడిగల న్యూట్రానుచే రేడియోధార్మికమైన భాస్వరముగా మారును. ఈ భాస్వరము రెండు వారములకు సగము నశించును. కావున జపాను పండితులు ఆ శిథిలములలో తిరిగి వెంటనే దానిని కొలిచిరి. మట్టి గామాకు సాక్షి, లోహమును గంధకమును న్యూట్రానునకు సాక్షులు. దూరపు చోట్ల ఈ సాక్ష్యములకును గణనమునకును మిగిలియుండిన తేడా 2002నాటి గణనముతో చాలవఱకు తీరినది.

ఇక రెండింటిని ఒక్క పరికరమే పసికట్టి, ఏది యేదియో చెప్పుట యెట్లు సాధ్యమైనదో మనవిచేసెదను. మునుపటి చీకటిగది మినుకులే మఱల ఉపయోగపడినవి. 1940 తరువాత, మినుకును విద్యుత్తుగా మార్చి లక్షల రెట్లు పెంచు నాళము మనుష్యుని కన్ను చేయుపనికి వచ్చెను. 1947లో బెర్లినులో కాల్మన్ నాఫ్తలీనుతో, అనగా బట్టల పెట్టెలలో వేయు తెల్లని ఉండల పదార్థముతో, గామాల మినుకులను చూచెను. 1948లో అమెరికాలో హాఫ్‌స్టాడ్టర్ థాలియము కలిపిన సోడియము అయొడైడు స్ఫటికముతో గామాల శక్తినికూడ కొలిచెను. ఒక్కొక్క ధాతువు గామాకు ఒక్కొక్క శక్తి కలదు. గొంతునుబట్టి మనిషిని పోల్చినట్లు, శక్తినిబట్టి ఇది సీజియము, ఇది కోబాల్టు అని చెప్పవచ్చును.

1959లో బ్రూక్స్ అను పండితుడు మఱియొక మెట్టెక్కెను. కొన్ని స్ఫటికములలో, కొన్ని ద్రవములలో పుట్టు మినుకు ఒక్కసారిగా ఆరదు, వెనుక సన్నని వెలుగు కొంతసేపు నిలుచును. గామా తన్నిన ఎలక్ట్రాను తేలికది, పలుచని జాడ విడుచును. న్యూట్రాను తన్నిన ప్రోటాను బరువైనది, చిక్కని జాడ విడుచును. చిక్కని జాడలో ఆ వెనుకటి వెలుగు పాలు హెచ్చు. తాళము దెబ్బ వెంటనే ఆగును, గుడిగంట దెబ్బ మ్రోగుచు నిలుచును. వినుచున్నవాడు చూడకయే ఇది తాళము, ఇది గంట అని చెప్పగలడు. బ్రూక్స్ విద్యుత్ సాధనము ఈ విధముగనే, సెకండులో కోటివంతు కాలములో, మినుకు తోకను పరీక్షించి గామాను న్యూట్రానును వేఱుచేసెను. టిక్కుమనుట మాత్రమే తెలిసిన కావలివానికి ఇప్పుడు వచ్చినవానిని గుర్తించు తెలివి కలిగినది.

2001 తరువాత అమెరికా మొదలగు దేశములు ఓడరేవులలో, సరిహద్దులలో ఇట్టి పరికరములను విరివిగా నిలిపినవి. అణుపదార్థమును దొంగతనముగా తరలించువాడు దానిని సీసములో దాచినచో గామాలు ఆగును. కాని న్యూట్రానులు సీసమును లక్ష్యపెట్టవు. మైనములో దాచినచో న్యూట్రానులు ఆగును, గామాలు దాటివచ్చును. రెండింటిని ఆపదలచినచో మూట బరువెక్కి దానియంతట అదే అనుమానము కలిగించును. ఈ న్యూట్రాను పరికరములలో హీలియము మూడవ రకమును నింపెడివారు. అది అణ్వాయుధములకై చేసిన ట్రిటియము క్షీణింపగా వచ్చునది. 12 ఏండ్లకు పైబడిననే ట్రిటియము సగము మారును. ఖర్చు రాబడిని మించుటచే 2008 ప్రాంతమున ఆ వాయువునకు కఱవు వచ్చెను. అప్పుడు వేఱు త్రోవలు వెదకిరి. 1999లోనే నెదర్లాండ్సులోని డెల్ఫ్టు పరిశోధకులు, వారి సహచరులు సీజియము, లిథియము, యిట్రియము, క్లోరిను కలిసి, కొద్దిగా సీరియము చేరిన స్ఫటికమును పరీక్షించియుండిరి. అందలి లిథియము న్యూట్రానును మ్రింగును. గామా వచ్చినప్పుడు మినుకు మొదట అతిత్వరితమైన తళుకొకటి యుండును, న్యూట్రాను వచ్చినప్పుడది యుండదు. అదే స్ఫటికము గామా శక్తినికూడ చక్కగా కొలుచును. చేతిలో పట్టు పరికరములలో ఇట్టి స్ఫటికములు నేడు కలవు.

సేద్యమునకును ఈ విద్య ఉపకరించినది. న్యూట్రాను నీటిలోని హైడ్రోజనుచే మందగించునని చెప్పితిని. 1950 దశకమునుండి వ్యవసాయ పరిశోధకులు నేలలో గొట్టము దింపి, వడిగల న్యూట్రానులను విడిచి, మందగించి తిరిగివచ్చు వానిని లెక్కించి, వేళ్ల లోతున ఎంత తడియున్నదో మన్ను త్రవ్వకయే కొలిచిరి. బాటలు వేయునప్పుడు గామాలతో మట్టి గట్టిదనమును, న్యూట్రానులతో తేమను ఒక్క పెట్టెతోనే కొలుచుట కలదు.

మనవారికిని ఈ చరిత్రతో సంబంధము కలదు. 1896లో భీమవరపు ప్రాంతమందలి గొరగనమూడిలో జన్మించిన స్వామి జ్ఞానానంద, సన్యాసియై యుండియు, లివర్‌పూలులో ఆ చాడ్విక్ వద్దనే పరిశోధన చేసి, తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమున కేంద్రక భౌతికశాస్త్రమునకు పీఠము నెలకొల్పెను. ఆ ప్రాంతముననే మోగల్లులో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు ట్రాంబేలో ఎలక్ట్రానిక్ పరికరముల శాఖను నడపి, 1967లో హైదరాబాదున వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనుకు మూలపురుషులైరి. కిరణములను కొలుచు పరికరములు ఆ సంస్థలో తయారగుచున్నవి.

కొలుచువారు లేనిచోట ఏమగునో 2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి పాతయినుము బజారు చూపినది. ఒక విద్యాసంస్థ పాతసామానుగా అమ్మివేసిన పరికరములో కోబాల్టు మిగిలియుండెను. కూలీలు సీసపు కవచమును కోసిరి. కొందఱు ఆసుపత్రి పాలైరి, ఒకడు మరణించెను. గామాను ఒక్క చిన్న కౌంటరు చూపియుండెడిది. అక్కడ అదియును లేదు.

పెద్దలారా! పాతయినుములో అమితమైన బరువుగల సీసపు కుండ గాని, పసుపు రంగుపై మూడు రేకుల గుర్తుగల పెట్టె గాని కనబడినచో దానిని పగులగొట్టనీయకుడు. పిల్లలను దూరముగా నుంచి అధికారులకు తెలుపుడు. తరువాత పరీక్షకు వచ్చినవారి పరికరము నిశ్శబ్దముగా నున్నచో, అది దేనిని పసికట్టు పరికరమో యడుగుడు. గామాను మాత్రమే ఎఱిగిన సాక్షి ఏమియు లేదనుటకు అర్థము గామా లేదని మాత్రమే. న్యూట్రాను సంగతి దాని సాక్షి చెప్పవలెను. ఇద్దఱి మాటయు విన్నపిదప తీర్పు చెప్పుట పెద్దల పద్ధతి.